గుర్వవ్వ పోసిన వాన

(పిల్లల నవల ‘వాన డబ్బా’ : పదకొండో భాగం)

పోయిన వారం మనం రాంచందర్ సార్ చూపుడువేలిని రిజిస్టరు మీదే వదిలేసి వచ్చాం. ఆ వేలు ఇంకా అక్కడే ఉంది.

మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఎర్రగుంటపల్లి హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదివే తిరుమల, మెర్సీ, గిరి తమ సైన్సు టీచరు ఎస్తేరు వెంట నల్గొండకు జిల్లా సైన్స్ ఫేర్‌కు వచ్చారు. చుట్టూ బల్లల మీద లైట్లు వెలిగే రాకెట్లున్నాయి, పొగలు కక్కే అగ్నిపర్వతాలున్నాయి. మనవాళ్ల బల్ల మీద ఉన్నవి మూడే: వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి, దాని మూతికి సరిగ్గా అమరే గరాటు ఒకటి, అట్ట వేసిన రిజిస్టరు ఒకటి. డబ్బా పక్కన మిల్లీమీటర్ల స్కేలు అంటించి ఉంది. జూన్ పన్నెండున బడి తెరిచిన నాటి నుంచి ప్రతి పొద్దున ఎనిమిదిన్నరకు, ఆదివారాలు కూడా వదలకుండా, ఊర్లో ఎంత వాన పడిందో కొలిచి రాసిన లెక్క అది. అసలు డబ్బా బడి ఆవరణలోనే ఉంది. ఇక్కడికి తెచ్చింది అదే కొలతల జంట డబ్బా. మొత్తం నూట అరవై రోజులు. అది కరువు ఏడాది కాబట్టి అందులో సున్నాలే ఎక్కువ.

ఆ సున్నాల మధ్య జడ్జి రాంచందర్ సార్ వేలు పట్టుకున్నది ఒకే ఒక్క అంకెను. జూలై ఇరవై రెండు: ముప్పై ఒక్క మిల్లీమీటర్లు.

“ఆ రోజు మండలం లెక్కల సున్నా ఉన్నది” అన్నాడాయన. “చుట్టుపక్కల ఏ ఊర్ల చినుకు పడలె. మీ ఒక్క ఊర్లనే ముప్పై ఒకటి ఎట్ల పడ్డది టీచర్? పిల్లలు కొలిచిన్రా, మీరే ఇంట్ల కూసోని నింపిన్రా?”

పక్క బల్లల దగ్గర మాటలు ఆగిపోయాయి. అగ్నిపర్వతం తాలూకు పిల్లాడు పొగ ఆపేసి మరీ చెవులు ఇటు వేశాడు.

తిరుమల టీచరు ముఖం చూసింది. ఎస్తేరు టీచరుకు కోపం వస్తే ముక్కు పుటాలు ఎర్రబడతాయని బడిలో అందరికీ తెలుసు. ఇప్పుడు ఎర్రబడలేదు. అదే తిరుమలకు భయం పుట్టించింది.

“పిల్లలే కొలిచిన్రు సార్” అంది టీచరు.

“మరి ఈ వాన సంగతేంది?”

“నాకు తెల్వదు సార్.”

రాంచందర్ సార్ చెడ్డవాడేమీ కాదు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి, వందల ప్రాజెక్టులు చూసి, అందులో నూటికి తొంభై అయ్యవార్లే చేసి పిల్లల చేతిలో పెట్టినవని కనిపెట్టి, విసిగిపోయిన మనిషి. ఆయన గొంతు తగ్గించాడు. “సూడు టీచర్, ఎద్దుకు ఒక కొమ్ము తడిసి ఇంకో కొమ్ము ఎండిన వానలు మనకు కొత్త గాదు. ‘ఆ రోజు మా ఊర్ల మాత్రమే వాన పడ్డది’ అని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టుండ్రి. నేను ముందుకు పోతా.”

గిరి ముఖం వెలిగిపోయింది. మెర్సీ గబగబా సంచిలోంచి తెల్లకాగితం తీసింది. టీచరు ఆ కాగితం వైపు చూడనైనా చూడలేదు.

“వాన పడంగ నేను చూడలేదు సార్. చూడనిదానికి సంతకం పెట్టను.”

“అయితే నేను రాయవలసింది నేను రాస్త.” రాంచందర్ సార్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. “రెండు గంటలకు మళ్లొస్త. జవాబుంటే చెప్పుండ్రి. లేకుంటే, టీచరే నింపిన రిజిస్టరు అని నా రిపోర్టుల రాసి పంపిస్త.”

ఆయన అలా అన్నాడంటే అన్నట్టే. బహుమతి పోతే పోయింది, వచ్చే ఏడు మళ్లీ రావచ్చు. కానీ ‘టీచరే నింపింది’ అన్న మాట కాగితానికి ఎక్కితే, అది ఎస్తేరు టీచరు పేరు వెంట ఎప్పటికీ నడుస్తుంది.

సంతకమంటే ఆమెకు అంత పట్టింపు ఎందుకో పిల్లలకు తెలుసు. టీచరు వాళ్ల నాయిన ఒక దొర దగ్గర జీతం ఉండి పశువులు కాసినవాడు. ఏ కాగితం చూపినా వేలిముద్ర వేసేవాడు. యాభై ఏళ్ల వయసులో, టీచరుగా ఉద్యోగం వచ్చిన బిడ్డ దగ్గర కూర్చుని, నెల రోజులు తంటాలు పడి సంతకం నేర్చుకున్నాడు. “గీ మూడక్షరాలు పెడితే నేను మాటిచ్చినట్టేనా బిడ్డా?” అని అడిగాడట. అవునంటే, “మరి జర చూసి పెట్టాలె” అన్నాడట. టీచరు ఆ కథ క్లాసులో ఒక్కసారే చెప్పింది. కానీ వాన రిజిస్టరులో రబ్బరు వాడొద్దని, తప్పు రాస్తే కింద అక్షరం కనబడేట్టు ఒకే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం పెట్టాలని రోజూ చెప్పేది. కొలిచిన ప్రతి రోజుకూ కొలిచినవాళ్ల సంతకం ఉండాల్సిందే.

జూలై ఇరవై రెండు ఎదురుగా ఉన్న సంతకం తిరుమలది.

*

మధ్యాహ్నం భోజనాలు ఫేర్ జరిగే బడి వరండాలో. ఆడపిల్లల వెంట ఇంటి నుంచి ఒక పెద్దమనిషి రావాలన్నారు కాబట్టి తిరుమల వెంట వాళ్ల అవ్వ గుర్వమ్మ వచ్చింది. ఊరంతా ఆమెను గుర్వవ్వ అంటారు. తిరుమల అమ్మ పత్తి ఏరడానికి పోవాలి మరి. గుర్వవ్వ బస్సులో రెండు గంటల పాటు ఒళ్లో చంటిపిల్లలా పట్టుకొచ్చింది తన రాగిచెంబును. మూతికి గుడ్డ కట్టి, నిండా ఊరి నీళ్లు. నల్గొండ నీళ్లు తాగితే ఎముకలు వంగుతాయని ఆమె చిన్నప్పటి నుంచి విన్నది, నమ్మింది. బాటిల్ నీళ్లంటావా, అవి ఆమెకు గొంతు దిగవు.

ఇప్పుడు ఆమె సజ్జరొట్టెలు విప్పి, తలా ఒకటి చేతిలో పెట్టి, మీద చింతకాయ తొక్కు వేసింది. ఎవరూ కొరకలేదు. టీచరు అక్కడ లేదు. రిజిస్టరు పట్టుకుని లోపలే బల్ల దగ్గర కూర్చుండిపోయింది.

“గోటితోటి పోయేదానికి గొడ్డలెందుకు?” అన్నాడు గిరి. “ఆ పొద్దు వాన పడ్డదని మనం ముగ్గురం చెప్పుదాం. టీచర్ చూడలేదు గాని మనం చూసినం. ఎవరొచ్చి కాదంటరు?”

“అబద్ధం అది” అంది మెర్సీ.

“నీకేం ఎరుక అబద్ధమని? డబ్బల నీళ్లున్నయి గదా! పైకెళ్లి పడకుంటే పాతాళం కెళ్లి వచ్చినయా?”

 మెర్సీ తిరుమల వైపు చూసింది. “నువ్వే గదనే కొలిచింది. ఆ పొద్దు నేల తడిగుండెనా?”

తిరుమల రొట్టెను ఒళ్లో పెట్టుకుని తల వంచుకుంది.

ఎందుకంటే రిజిస్టరులో చివర ఒక గడి ఉంది. దాని పేరు ‘నేల’. తడి, పొడి, బురద, చూసింది చూసినట్టు రాయాలి. నూట అరవై రోజుల్లో నూట యాభై తొమ్మిది రోజులు ఆ గడి నిండి ఉంది. ఒక్క జూలై ఇరవై రెండున ఖాళీ. ఆ ఖాళీని రాంచందర్ సార్ ఇంకా చూడలేదు. తిరుమల మాత్రం నాలుగు నెలలుగా దాన్నే చూస్తోంది.

ఆ పొద్దు ఆమెకు బాగా గుర్తు. అప్పటికి ఇరవై ఆరు రోజులుగా వరసగా సున్నాలు. వాళ్ల చేలో పత్తి మొలకలు తల వాల్చాయి. నాయిన మాట్లాడడం మానేశాడు. అలాంటి పొద్దున తన వంతని ఒక్కతే డబ్బా దగ్గరికి పోతే, అందులో నీళ్లు! తిరుమల ఎగిరి గంతేసింది. వంగి కొలిచింది, ముప్పై ఒకటి. చుట్టూ నేల పొడిగా ఉంది. డబ్బా పక్కన మాత్రం దోసెడంత మేర తడి మరక. అంతటా ఆరిపోయి, ఇక్కడ మిగిలిందేమోలే అని తనకు తానే చెప్పుకుంది. అంకె రాసింది, సంతకం పెట్టింది. ‘నేల’ గడి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. పొడి అని రాస్తే ఆ వాన ఉత్తదైపోతుందని ఆమె మనసుకు తెలుసు. వాన కావాలి ఆమెకు. అందుకే వదిలేసింది.

ఆ మాటే ఇప్పుడు స్నేహితులకు చెప్పింది. చెప్పి ఏడ్చేసింది.

“అగో, రొట్టె మీద కన్నీళ్లు పెడతరా ఎవరన్న?” గుర్వవ్వ దగ్గరికి జరిగింది. “ఏమైంది బిడ్డా? గా కండ్లద్దాల సారు ఏమన్నడు?”

“ఏం లేదవ్వా. జూలైల ఒకనాడు మా డబ్బల నీళ్లు వచ్చినయి. అవి ఏడికెళ్లి వచ్చినయో చెప్పుమంటున్నడు. వాన పడలేదట ఆ పొద్దు.”

“ఏ డబ్బ? బడి కాడి డబ్బనా?”

“అవు.”

“జూలై అంటే… ఊర్ల కప్పతల్లి ఆడినప్పుడా?”

“దాని తెల్లారే” అంది మెర్సీ, తేదీలు మర్చిపోని పిల్ల.

గుర్వవ్వ ముఖం విప్పారింది. “ఓసి పిచ్చిపిల్లలారా, గంతేనా! నన్నడుగొద్దా? గవి నేను పోసిన నీళ్లే గదా!”

గిరి చేతిలో రొట్టె కింద పడింది.

గుర్వవ్వ నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అంటారు. అలాంటి మనిషి కడుపులో ఈ సంగతి నాలుగు నెలలు ఎలా దాగిందంటారా? ఎవరూ అడగలేదు, అంతే. చెప్పుకోవలసిన వింతగా ఆమెకు తోచనే లేదు.

వానలు మొండికేస్తే మా దిక్కు పిల్లలు రోకలికి వేపకొమ్మలతో కప్పను కట్టి, భుజాన మోసుకుంటూ ఇల్లిల్లూ తిరుగుతారు. ఆడవాళ్లు బయటికి వచ్చి చెంబుతో నీళ్లు పోస్తారు. ఇంటింటి నీళ్లూ పడితే మబ్బు కరుగుతుందని నమ్మకం. ఆ రోజు గుర్వవ్వ ఇంట్లో లేదు.

“నేను కలుపుకు పోయిన” అని చెప్పుకొచ్చింది. “మాపటికి ఇంటికొస్తే, కప్పతల్లి మన గల్లీ దాటి పోయిందన్నరు. ఊరందరి నీళ్లు పడ్డయి, నా చేతి నీళ్లు పడలె. నా ఒక్కదాని చెంబు తక్కువై వాన ఆగితే ఎట్ల? తెల్లారి కూలికి పోతాంటే బడి కాడ మీ డబ్బ కనబడ్డది. రోజు పొద్దుగాల మీరంత దాని సుట్టు నిలవడి వంగి వంగి మొక్కుతరు. టీచరమ్మ గూడ వంగుతది. గిది బడోళ్ల కప్పతల్లి అనుకున్న. చెంబెడు నీళ్లు పోసి, నేను గూడ ఒక మొక్కు మొక్కి పోయిన.”

స్కేలు మీది అంకె కంటికి ఎదురుగా కనబడాలని వాళ్లు రోజూ మోకాళ్లు వంచి చూసేవారు. దాన్ని గుర్వవ్వ మొక్కు అనుకుంది. మెర్సీకి నవ్వు ఆగలేదు. తిరుమలకూ ఏడుపు మధ్యలోనే నవ్వు వచ్చింది. అవ్వ కూడా వాళ్లతో పాటు నవ్వింది, ఎందుకో తెలియకుండానే. కాసేపటికి ఆమెకు అనుమానం వచ్చింది.

“ఏందే? నేను పోసుడు తప్పా?” గొంతు సన్నబడింది. “టీచరమ్మకు మాట వచ్చింది నా తోటేనా?”

పిల్లల నవ్వు ఆగిపోయింది. గుర్వవ్వ మెల్లగా చెంబుకు గుడ్డ కట్టింది. కొంగు సర్దుకుంది. “నేను బస్టాండు కాడ కూసుంట బిడ్డా. మీరు అయిపోయినంక రండ్రి.”

“చెప్పొద్దే తిరుమలా” అని మెర్సీ గుసగుసలాడింది. “సైన్స్ ఫేరు ఇది. కప్పతల్లి అన్నమంటే అందరు నవ్వుతరు. అవ్వ మీద నవ్వుతరు.”

నవ్వుతారు. తిరుమలకు అది కళ్ల ముందే కనబడింది. ఇస్త్రీ యూనిఫారాల పిల్లలు, కోటు వేసుకున్న సార్లు, వాళ్లందరి మధ్యా చిరుగు రవికె తొడుక్కున్న తన అవ్వ. చెప్పకపోతే? టీచరు పేరు పోతుంది. గిరి చెప్పినట్టు వాన పడిందంటే? ఇద్దరూ దక్కుతారు. కానీ ఆ మాటకు సంతకం ఎవరు పెడతారు? పెట్టాల్సింది తనే. పోయినసారి కూడా సగం తెలిసే సంతకం పెట్టింది.

లోపల గంట మోగింది. రెండయింది.

“అవ్వా” అంది తిరుమల, లేచి చేయి పట్టుకుని. “నీ చెంబు పట్టుకోని నా ఎంబడి రా.”

*

రాంచందర్ సార్ వెంట ఈసారి ఇంకో ఇద్దరు జడ్జీలు వచ్చారు. తగవు ఉన్నచోట జనం పోగవడానికి చాటింపు అక్కర్లేదు. బల్ల చుట్టూ నలభై మంది పిల్లలు మూగారు.

“జవాబు దొరికిందా టీచర్?”

ఎస్తేరు టీచరు లేచి నిలబడింది. “లేదు సార్. ఆ నీళ్లు ఎట్లొచ్చినయో మాకు తెల్వదు. అదే రాసుకోండి. కాని నా పిల్లలు కొలిచిన్రు. గది మాత్రం నిజం.”

“నాకు తెలుసు టీచర్” అని ఒక గొంతు జనం వెనక నుంచి వచ్చింది.

తిరుమల అవ్వను ముందుకు తెచ్చింది.  మొదట తన తప్పే చెప్పింది. రిజిస్టరు తిప్పి, ఖాళీ గడి మీద తనే వేలు పెట్టి చూపింది. “నేల పొడిగుండె సార్. నేను చూసిన. చూసి గూడ రాయలె. వాన పడ్డదని రాయాలనిపించింది.” తర్వాత కప్పతల్లి సంగతి, అవ్వ చెంబు సంగతి, ఒక్కటి కూడా దాచకుండా చెప్పింది.

మెర్సీ అనుకున్నంతా అయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. అది అంటుకుంది. “కప్పకు పోసినట్టు వానడబ్బకు పోసిందట రా!” అని ఒక పిల్లాడు అరిచాడు. గుర్వవ్వ తల వంచుకుని చెంబును కొంగు కిందికి దాచుకుంది. తిరుమల అవ్వ చేయి వదల్లేదు. ఇంకా గట్టిగా పట్టుకుంది.

ఇప్పుడు ఎర్రబడ్డాయి టీచరు ముక్కు పుటాలు.

“నవ్వుడు అయిపోయిందా?” అంది ఆమె పిల్లల వైపు తిరిగి. గొంతు పెద్దదేం కాదు, అయినా గది సద్దుమణిగింది. “తన చేను ఎండుతాంటే ఊరందరి కోసం నీళ్లు పోసిన మనిషామె. నవ్వాలంటే ముందుగాల నాలుగు నెలలు పొద్దుగాల లేచి, ఒక డబ్బ కాడ నిలబడి సున్నాలు రాసి రాండ్రి. అప్పుడు నవ్వుండ్రి.” తర్వాత రాంచందర్ సార్‌తో అంది, “సార్, మా పిల్ల ఒక కారణం చెప్పింది. నమ్ముమని నేను అడుగ. పరీక్ష పెట్టుండ్రి. డబ్బ ఇక్కడనే ఉన్నది, చెంబు ఇక్కడనే ఉన్నది.”

రాంచందర్ సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయనలోని పాత సైన్సు మాస్టరు ఎక్కడో నిద్ర లేచినట్టున్నాడు. “అమ్మా, నిండు చెంబేనా పోసింది?”

“నిండుగనే, సారూ.”

భోజనాల దగ్గర గుర్వవ్వ తాగగా తగ్గిన మేరకు గిరి పోయి చెంబు నింపుకొచ్చాడు. గరాటు సర్దారు. గుర్వవ్వ చెంబు వంచింది. నీళ్లు గుడుగుడుమని దిగాయి. రాంచందర్ సార్ మోకాళ్లు వంచి, స్కేలుకు కన్ను ఆనించి చూశాడు. చూడ్డానికి అచ్చం మొక్కుతున్నట్టే ఉన్నాడు. మెర్సీ పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది.

“ముప్పై మూడు” అన్నాడాయన.

గుంపులోంచి “ఊఁ” అని ఒక నిట్టూర్పు. “దగ్గరగున్నది, కాని సరిపోలె” అన్నాడు ఇంకో జడ్జి. “రిజిస్టర్ల ముప్పై ఒకటి ఉన్నది. చెంబు మారలె, డబ్బ మారలె. రెండు మిల్లీమీటర్లు ఏడికి పోయినయి?”

 గుర్వవ్వ మాత్రం డబ్బా వైపు అదోలా చూస్తోంది, వంట చెడగొట్టిన కోడలిని చూసే అత్తలా.

“గట్ల గాదు సారూ” అంది. “నువ్వు పొయ్యి అంటే పోసిన. ఆ పొద్దు గిట్ల పోయలె. ముందుగాల నేలతల్లికి సల్లకుండ పై దేవునికి పోస్తమా? ఒక దోసెడు కింద సల్లి, తరువాత మిగిలింది పోసిన.”

తిరుమల ఒక్కసారిగా ముందుకు జరిగింది. “మరక!” అని అరిచింది. “టీచర్, డబ్బ పక్కన దోసెడంత తడి మరకుండె! నేను చూసిన! గది వాన మరక గాదు, అవ్వ సల్లిన మరక!”

మళ్లీ డబ్బా వంపి గుడ్డతో తుడిచారు. మళ్లీ చెంబు నింపారు. ఈసారి నలభై మందిలో ఒక్కరు కూడా దగ్గలేదు. గుర్వవ్వ ఎడమ చేత్తో చెంబు ఎత్తి, కుడి చేతిలోకి వంచుకుని, నల్గొండ బడి గచ్చు మీద నేలతల్లికి చల్లింది. మిగిలినవి గరాటులో పోసి, అలవాటు కొద్దీ చేతులు జోడించింది.

రాంచందర్ సార్ వంగాడు.  తర్వాత తిరుమలను పిలిచాడు. “నువ్వే చదువు బిడ్డా. గీ రీడింగు నీదే.”

తిరుమల మోకాళ్లు వంచింది. నీటి అంచు, గీత, రెండూ ఒక్కటిగా ఉన్నాయి.

“ముప్పై ఒకటి” అంది. ఆ అంకె అంత బాగుంటుందని ఆమెకు అంతవరకూ తెలియదు.

మొదట చప్పట్లు కొట్టింది అగ్నిపర్వతం పిల్లాడు. తర్వాత గది మొత్తం కొట్టింది. గుర్వవ్వ కంగారుపడి, “నేనేం జేసిన? నీళ్లే గదా పోసిన” అంటూ చుట్టూ చూసింది. కానీ ఆ చెంబు మాత్రం కొంగు కింది నుంచి బయటికి వచ్చి, చంకలో నిటారుగా కూర్చుంది. ఊరికి పోయాక ఆ చెంబుతో మామూలు నీళ్లు తాగనిస్తుందో లేదో అనుమానమే.

ఎస్తేరు టీచరు పెన్ను తీసి తిరుమల చేతికిచ్చింది. తిరుమల ముప్పై ఒకటి మీద ఒకే ఒక్క గీత కొట్టింది, కింద అంకె కనబడేట్టుగా. నాలుగు నెలలుగా ఖాళీగా ఉన్న గడిలో రాసింది: ‘నేల పొడి. ఇది వాన కాదు, మా అవ్వ పోసిన నీళ్లు. చూసి కూడా ఆ రోజు రాయలేదు.’ సంతకం పెట్టింది. టీచరు ఆ అక్షరాల మీదికి వంగి చదివింది. లేచినప్పుడు ఆమె కళ్లల్లో నీళ్లున్నాయి. తిరుమల తల మీద చెయ్యి వేసి, ఆ చేతిని అలాగే ఉంచేసింది. జీవితంలో ఎన్ని బహుమతులు వచ్చినా అంత బరువైన చెయ్యి మళ్లీ దొరకదనిపించింది తిరుమలకు. 

“నూట అరవై రోజులల్ల నాకు దొరికిన తప్పు ఒక్కటే” అన్నాడు రాంచందర్ సార్. “దాన్ని గూడ మీరే దిద్దిన్రు. టీచర్, పొద్దున నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్న. గీ రిజిస్టరును ఇప్పుడు నేను నమ్ముత. నమ్ముత కాబట్టే ఇంకొకటి అడగాలె.”

ఆయన సంచిలోంచి మడత పెట్టిన ఒక కాగితం తీశాడు. మండలం వాన లెక్క.

“కరువు జాబితాల మీ ఊరు పేరు లేదు. ఎందుకో ఎరికేనా? సెప్టెంబర్ ఆరు నాడు మీ దిక్కు నలభై ఎనిమిది మిల్లీమీటర్లు పడ్డదని గీ కాగితం అంటున్నది. గా ఒక్క వాన తోటి మీకు కరువు లేదని తేల్చిన్రు.” ఆయన రిజిస్టరులో పేజీలు తిప్పాడు. “అదే రోజు మీ దాంట్ల సున్నా ఉన్నది. నేల: పొడి. మీది నిజమైతే ఆ కాగితం తప్పు. ఊరందరికి సాయం రావాలె. గీ పేజీ తీసుకపోయి కలెక్టర్ ముందట నేనే పెడత. ఆ పొద్దు కొలిచిందెవరు?”

సెప్టెంబర్ ఆరు, ఆదివారం. టీచరు సంతకం చూసింది. అందరి కళ్లూ గిరి మీదికి తిరిగాయి.

గిరి చప్పట్లు కొడుతూ కొడుతూ ఎప్పుడు ఆపేశాడో ఎవరూ గమనించలేదు. అతని ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. అతను టీచరును చూశాడు, గుర్వవ్వను చూశాడు, చివరికి తిరుమలను చూశాడు. ఆ కొట్టివేత గీత మీద సిరా ఇంకా ఆరలేదు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకని మధ్యాహ్నం అన్న పిల్లాడే, ఒక్క అడుగు ముందుకు వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“సంతకం నాదే టీచర్” అన్నాడు. “కాని ఆ ఆదివారం నేను బడి దిక్కే పోలె.”